మా ఇంటి వాకిట్లోనే మామయ్య గారికి బేడీలు వేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

సుధ_టెక్సాస్

అందరికీ నమస్కారం. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగి ఇవాళ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మేం డల్లాస్ చుట్టుపక్కల ఒక సబర్బ్‌లో ఉంటాం, ఇల్లు కొనుక్కుని మూడేళ్లయింది. మా అత్తయ్య గారు, మామయ్య గారు విజిటర్ వీసా మీద వచ్చి ఐదు వారాలవుతోంది. మామయ్య గారికి 67 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే అలవాటు. పోయిన గురువారం ఐదింటికి తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్లారు. మా ముందు తలుపుది ఆటోమేటిక్ లాక్, కాసేపటికి దానంతటదే పడిపోతుంది, ఆ సంగతి ఆయనకి చెప్పడం నేను మర్చిపోయాను. ఫోన్ లోపలే ఉంది. బెల్లు కొడితే మా చిన్నది లేస్తుందని (దానికి ఏడు నెలలు, ఆ రాత్రి జ్వరంతో మూడింటికి పడుకుంది) ఆయన బెల్లు జోలికి వెళ్లలేదు. పక్క గేటు తీయబోయారు, రాలేదు. అత్తయ్య గారు పడుకునే గది కిటికీ దగ్గరికి వెళ్లి అద్దం మీద వేలితో మెల్లగా కొట్టారు.

ఎవరో 911కి ఫోన్ చేశారు. రెండు కార్లు వచ్చాయి. మిగతాదంతా మా డోర్‌బెల్ కెమెరాలో ఉంది, నేను ఒక్కసారి మాత్రమే పూర్తిగా చూడగలిగాను. మొహం మీద లైటు వేసి చేతులు చూపించమని గట్టిగా అరిచారు. మామయ్య గారు ఇంగ్లిష్ చదవగలరు, రాయగలరు, కానీ ఇక్కడి యాసలో అలా అరిస్తే అర్థం కాదు. ఆయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. తర్వాత కళ్లజోడు కోసం చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చారు. అంతే, ఒకాయన వచ్చి చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి డ్రైవ్‌వేలో కూర్చోబెట్టాడు. "మై సన్ హౌస్, మై సన్ హౌస్" అని ఆయన అంటూనే ఉన్నారు. బెల్లు వాళ్లకి మూడడుగుల దూరంలో ఉంది. కెమెరాలో టైము చూసి లెక్కేశాను, పదకొండు నిమిషాల దాకా ఎవరూ ఆ బెల్లు నొక్కలేదు.

చివరికి నొక్కారు, మా ఆయన లేచి వెళ్లి లైసెన్స్ చూపించారు, అందులో అడ్రస్ చూసి బేడీలు తీశారు. వెళ్లేటప్పుడు ఒక ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు, నల్లజాతి మగమనిషి ఎవరో కిటికీలు తీయడానికి చూస్తున్నాడని ఫోన్ వచ్చిందని, వేరే ఏమీ లేదని చెప్పాడు. మామయ్య గారు బాగా చామనఛాయ. ఆ రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర నన్ను అడిగారు, "అమ్మా, నన్ను దొంగ అనుకున్నారా, నల్లవాడు అనుకున్నారా?" అని. దొంగ అనుకున్నారు మామయ్య గారూ అన్నాను. అది పూర్తి నిజం కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పటినుంచి ఆయన గుమ్మం దాటలేదు. మణికట్టు మీద కమిలిన మచ్చ అత్తయ్య గారికి కనబడకుండా ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటున్నారు. మా ఆయన మాత్రం వదిలేయ్, హెచ్1బీ మీద ఉన్నాం, పోలీసులతో మనకెందుకు అంటున్నారు. కంప్లయింట్ ఇవ్వొచ్చా? ఇస్తే మామయ్య గారి వీసాకి గానీ మాకు గానీ ఇబ్బందా? అసలు ఆయన ఎలా ఉండి ఉంటే ఇది జరిగేది కాదు? ఆయనకి నేనేం చెప్పాలి?

రఘు72

సుధ గారూ, చదివి చాలా బాధపడ్డాను, మా నాన్నగారు కూడా ఇలాగే తెల్లవారకముందే లేచి వాకిట్లో తిరిగే మనిషి. కానీ నాకు అనిపించింది సూటిగా చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఐదింటికి, చీకట్లో, ఎవరో గేటు తీయబోయి కిటికీ దగ్గరికి వెళ్లారంటే మీ ఎదురింట్లో ఉన్నది నేనైనా ఫోన్ చేసేవాణ్ణి. వచ్చిన ఆఫీసర్‌కి ఆయన మాస్టారని తెలియదు కదా. ఈ దేశంలో ఎవరి జేబులో తుపాకీ ఉంటుందో తెలియదు, అందుకే జేబులోకి చెయ్యి వెళ్తే వాళ్ల చెయ్యి కూడా వెళ్తుంది. దీన్ని జాతి సమస్యగా చూడటం కంటే, మన పెద్దవాళ్లకి ఇక్కడి పద్ధతి నేర్పకుండా దింపేస్తున్నామని చూడటం మేలు అనిపిస్తుంది.

మేం ఏం చేశామంటే: తలుపు కోడ్ నాన్నకి బట్టీ పట్టించాం. మా అడ్రస్, నా ఫోన్ నంబర్, "నాకు ఇంగ్లిష్ తక్కువ, ఇది మా అబ్బాయి ఇల్లు" అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో కార్డు చేయించి మెడలో ట్యాగ్‌కి వేశాం, జేబులో కాదు, బయటికి కనబడేలా. పోలీసు ఎదురైతే రెండు చేతులూ వేళ్లు విప్పి భుజాల ఎత్తులో పెట్టి కదలకుండా నిలబడమని హాల్లో నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయించాను. నాన్నకి మొదట కోపం వచ్చింది, తర్వాత చేశారు. కంప్లయింట్ విషయంలో మీ ఆయన మాటే నా మాట కూడా. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ, వదిలేయండి.

అలబామా_పాతకాపు

దెబ్బ తగల్లేదు అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను హంట్స్‌విల్ పక్కన ఇరవై ఏళ్లకి పైగా ఉన్నాను, ఇప్పుడు వేరే రాష్ట్రం. 2015 ఫిబ్రవరి 6న మా పక్కన మాడిసన్‌లో జరిగింది కొత్తగా వచ్చినవాళ్లకి తెలియకపోవచ్చు. గుజరాత్ నుంచి 57 ఏళ్ల ఆయన మనవణ్ణి చూసుకోవడానికి కొడుకు ఇంటికి వచ్చారు, వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఉదయం కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్నారు. సన్నగా ఉన్న నల్లజాతి మనిషి ఇళ్ల వైపు చూస్తూ తిరుగుతున్నాడని ఎవరో ఫోన్ చేశారు. పోలీసులు ఆపితే ఆయన ఇంగ్లిష్ రాదని, ఇండియా అని చెప్పి, కొడుకు ఇంటి వైపు చెయ్యి చూపించారు. ఒక ఆఫీసర్ ఆయన చేతులు వెనక్కి పట్టుకుని, కాలు తన్ని మొహం నేలకి తగిలేలా పడేశాడు. మెడ దగ్గర వెన్నెముకకి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, శరీరం కొంత భాగం పడిపోయింది. ఇదంతా పోలీసు కారు కెమెరాలోనే రికార్డయింది.

గవర్నర్ క్షమాపణ చెప్పారు. ఆఫీసర్ మీద ఫెడరల్ కేసు పెట్టారు. రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది, 2016 జనవరిలో జడ్జి కేసు కొట్టేశారు. సివిల్ కేసు మాత్రం నడిచి నడిచి 2021లో 17.5 లక్షల డాలర్లకి రాజీ అయింది. ఆరేళ్లు పట్టింది. ఆయన చేతులు మళ్లీ మామూలుగా కాలేదు.

నాకు ఈ రోజుకీ నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. ఆ వారం గుడి దగ్గర, ఇళ్లల్లో, మేమంతా మాట్లాడుకున్నది ఏమిటంటే, "పాపం, ఆయన్ని నల్లవాడనుకున్నారట" అని. నేను కూడా ఆ మాట అన్నాను. చాలా రోజుల తర్వాత మా ఆఫీసులో ఒక నల్లజాతి మిత్రుడు, వయసులో నాకంటే పెద్దాయన, మెల్లగా అడిగాడు, "నిజంగా నల్లవాడే అయ్యుంటే మీకు ఫరవాలేదా?" అని. నా దగ్గర జవాబు లేదు. పొరపాటు పడ్డారు అని మనం అంటున్నామంటే, పొరపాటు పడకుండా సరైన మనిషినే అలా పడేస్తే సరిపోయేదని ఒప్పుకుంటున్నట్టే కదా. సుధమ్మా, మీ మామయ్య గారు అడిగిన ప్రశ్నలో రెండు ముక్కలు లేవు. ఆ ఫోన్ చేసినవాళ్ల బుర్రలో దొంగ, నల్లవాడు ఒకటే మాటగా ఉన్నాయి. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి వెంటనే పట్టుకున్నారు.

రఘు గారు చెప్పిన కార్డు, చేతులు, అవన్నీ చేయండి, వద్దనను. మాడిసన్‌లో ఆయన చేతిలో ఏమీ లేదు, తన ఇల్లు ఎక్కడో చూపిస్తూనే ఉన్నారని మాత్రం గుర్తుపెట్టుకోండి.

హరిత_కే

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయను. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఒకసారి ఆ ఫోన్ చేసింది నేనే.

2021లో మేం అట్లాంటా దగ్గర కొత్త కమ్యూనిటీకి మారాం. పక్కింట్లో ఒక నల్లజాతి జంట, ఇద్దరూ యాభైల్లో ఉంటారు. ఒక సాయంత్రం హుడీ వేసుకున్న ఒక కుర్రాడు వాళ్ల గ్యారేజ్ కీప్యాడ్ మీద మళ్లీ మళ్లీ నంబర్లు కొడుతున్నాడు, తలుపు తెరుచుకోవడం లేదు. నేను కిటికీలోంచి చూసి ఫోన్ చేశాను. ఏం చెప్పానో నాకు మాట మాట గుర్తుంది, ఒక నల్లజాతి కుర్రాడు ఇల్లు దోచుకుంటున్నాడు అన్నాను. దోచుకుంటున్నాడని నాకెవరు చెప్పారు? నేను చూసింది నంబర్లు కొట్టడం మాత్రమే. ఆ కుర్రాడు వాళ్ల అబ్బాయి, కాలేజీ నుంచి సెలవులకి వచ్చాడు, అమ్మానాన్నలు కోడ్ మార్చారు. పోలీసులు వచ్చేసరికి వాళ్లమ్మ కూడా కారులో వచ్చింది కాబట్టి ఏమీ కాలేదు. ఆమె వాకిట్లో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "నా కొడుకు, నా కొడుకు" అని అరిచిన అరుపు నేను గోడ ఇవతల నుంచి విన్నాను. సుధ గారూ, మీ మామయ్య గారు "మై సన్ హౌస్" అన్నారని చదివినప్పుడు నాకు ఆమె గొంతే వినిపించింది.

మరుసటి రోజు వెళ్లి ఫోన్ చేసింది నేనే అని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. వాళ్లబ్బాయికి పన్నెండేళ్లప్పుడే సొంత ఇంటి తలుపు దగ్గర ఎలా నిలబడాలో నేర్పానని చెప్పింది. మన పిల్లలకి ఆ వయసులో మనం నేర్పేవి ఏమిటో తలుచుకుంటే నాకు అక్కడే కూర్చోబుద్ధేసింది.

ఆ తర్వాత ఇలాంటి కేసులన్నీ చదివాను. 2009 జులైలో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ చైనా నుంచి కేంబ్రిడ్జ్‌లో తన ఇంటికి వస్తే ముందు తలుపు బిగుసుకుపోయింది, ఆయన, డ్రైవర్ కలిసి తోశారు. అటుగా వెళ్తున్న ఒకామె ఫోన్ చేసింది. అందరూ ఆమెని తిట్టారు గానీ, ఆ రికార్డింగ్ బయటికి వచ్చాక చూస్తే ఆమె నల్లజాతి అన్న మాటే అనలేదు. సూట్‌కేసులు ఉన్నాయని, బహుశా ఆ ఇంటివాళ్లేనేమో, తాళంతో తంటాలు పడుతున్నారేమో అని కూడా చెప్పింది. పోలీసు రిపోర్టులోకి వచ్చేసరికి అది ఇద్దరు నల్లజాతి మగవాళ్లుగా మారింది. తన ఐడీ చూపించాక కూడా గొడవ పెరిగి ఆయన్ని సొంత ఇంటి వరండాలో అరెస్టు చేశారు, ఐదు రోజులకి కేసు ఎత్తేశారు. ఆమె చెప్పినట్టు నేను కూడా చూసింది మాత్రమే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒరెగన్‌లో 2019లో ఒక చట్టం తెచ్చారు, జాతి ద్వేషంతో కావాలని పోలీసుల్ని పిలిస్తే పిలిచినవాళ్ల మీద దావా వేయొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2020లో అలాంటిదే వచ్చింది. ద్వేషం ఉందని రుజువు చేయడం కష్టం అంటారు. నాలో ద్వేషం ఉందని నేనూ అనుకోలేదు, భయం ఉంది, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. మన ఇళ్లల్లో వాళ్ల గురించి మాట్లాడుకునే మాట, ఆ "కల్లూ" అనే మాట, పిల్లల ముందు ఎంత తేలిగ్గా వాడేస్తామో. ఏ ఏరియాలో ఇల్లు కొనాలని అడిగితే మనవాళ్లు మొదట చెప్పేది ఏమిటో అందరికీ తెలుసు. నేను ఫోన్ చేసినప్పుడు ఇవన్నీ నా నోటి చివరే ఉన్నాయి.

కిరణ్_హ్యూస్టన్

సుధ గారూ, నేను లాయర్ని కాను, టెక్సాస్‌లో ఒక పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో (లాయర్‌ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ ఆఫీసు) ఇన్వెస్టిగేటర్‌గా ఆరేళ్లు చేశాను. కాబట్టి ఇది లీగల్ సలహా అనుకోకండి, లాయర్ దగ్గరికి వెళ్లేముందు తెలిసి ఉండాల్సినవి అనుకోండి.

అన్నిటికంటే ముందు ఆ డోర్‌బెల్ వీడియో ఇవాళే డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. ప్లాన్‌ని బట్టి అవి కొన్ని రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి. మణికట్టుకి ఫోటోలు తీయండి, తేదీ పడేలా. డాక్టర్‌కి చూపించి రాయించుకోండి, బేడీలు గట్టిగా బిగిస్తే బొటనవేలి వైపు నరం తిమ్మిరెక్కుతుంది, అది ఉందేమో ఆయన్ని అడగండి, ఆయనంతట ఆయన చెప్పరు.

చట్టం సంగతి. కిటికీ దగ్గర మనిషి ఉన్నాడని ఫోన్ వచ్చి, వాళ్లు వచ్చి చూస్తే నిజంగానే ఉంటే, కాసేపు ఆపి అడిగే అధికారం వాళ్లకి ఉంటుంది. 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన టెర్రీ తీర్పు నుంచి ఉన్నదే అది. బేడీలు వేసినంత మాత్రాన అరెస్టు కూడా కాదు. ఇక్కడిదాకా రఘు గారి మాట కరెక్టే. కానీ ఆపిన తర్వాత అనుమానం తీర్చుకోవడానికి వాళ్లు చురుగ్గా ప్రయత్నించాలి, అవసరానికి మించి మనిషిని పట్టి ఉంచకూడదు. మీ కేసు మొత్తం ఆ పదకొండు నిమిషాల్లో ఉంది. ఇది నా కొడుకు ఇల్లు అని ఆయన చెబుతున్నారు, బెల్లు పక్కనే ఉంది, ఎందుకు నొక్కలేదు? కంప్లయింట్‌లో మిగతా కోపమంతా పక్కన పెట్టి ఈ ఒక్క ప్రశ్న కెమెరా టైములతో సహా రాయండి.

ఇల్లు అనేదానికి ఇక్కడి చట్టంలో పెద్ద గౌరవమే ఉంది. 1980లో పేటన్ తీర్పులో, అత్యవసరం ఉంటే తప్ప వారంటు లేకుండా అరెస్టు కోసం ఇంట్లోకి రాకూడదన్నారు. 2013లో జార్డీన్స్ కేసులో వరండా కూడా ఇంటి కిందే లెక్క అన్నారు, పోలీసు కూడా మామూలు అతిథిలా వచ్చి తలుపు తట్టి, ఎవరూ పలకకపోతే వెళ్లిపోవాలి. 2021లో కనీలియా కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా, క్షేమం చూడటానికి వచ్చామన్న కారణం ఒక్కటే చెప్పి ఇంట్లో జొరబడే హక్కు లేదన్నారు. కానీ 1976 నాటి ఒక తీర్పు ప్రకారం తెరిచిన గుమ్మంలో నిలబడితే బహిరంగ స్థలంలో ఉన్నట్టే. అందుకే మేం క్లయింట్లకి తలుపు మూసి ఉంచి లోపలినుంచే మాట్లాడమని, బయటికి రావాల్సి వస్తే తలుపు వెనకాల మూసి రమ్మని చెప్పేవాళ్లం. వాళ్లని దాటి లోపలికి పరుగెత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు.

టెక్సాస్‌లో నడిచివెళ్తున్నవాణ్ణి ఆపినప్పుడు పేరు చెప్పకపోవడం నేరం కాదు, అబద్ధం పేరు చెప్పడం నేరం. అరెస్టు చేశాక చెప్పకపోతే నేరం. కారు నడుపుతుంటే లెక్క వేరు. వేరే రాష్ట్రాల్లో వేరేగా ఉంటుంది. ఇంకోటి, సిటిజన్ కాని పెద్దవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితం, అంటే గ్రీన్‌కార్డో, విజిటర్లకి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) ప్రింటో, దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం ఉంది. రఘు గారి మెడ కార్డు వెనకాల దాన్ని పెట్టండి.

ఆఫీసర్ మీద కంప్లయింట్ ఈ రాష్ట్రంలో రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చినవాళ్లు సంతకం పెట్టాలి. ఫోన్ చేసి చెప్తే వింటారు గానీ దానికి బలం ఉండదు. ఆఫీసర్ల ఒంటి మీద ఉండే బాడీ కెమెరా వీడియో కోసం విడిగా అర్జీ పెట్టాలి, అందులో తేదీ, సుమారు టైము, చోటు, వీడియోలో ఉన్నవాళ్లలో కనీసం ఒకరి పేరు ఉండాలి. 911 రికార్డింగ్ కూడా అడగండి, ఫోన్ చేసిన మనిషి ఏమన్నారో, పోలీసు కార్లని పంపే డిస్పాచర్ దాన్ని వాళ్లకి ఏమని చెప్పారో రెండూ వినండి. హరిత గారు చెప్పిన కేంబ్రిడ్జ్ కేసులో లాగా మాట మధ్యలో మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. డబ్బు కోసం కేసు వేసే ఆలోచన ఉంటే టెక్సాస్‌లో పౌరహక్కుల దావాకి రెండేళ్లు గడువు, సిటీకి ఇవ్వాల్సిన కొన్ని నోటీసులకి ఆరు నెలలో ఇంకా తక్కువో ఉంటుంది, అందుకే లాయర్‌ని ఆలస్యం చేయకుండా కలవండి.

వీసా గురించి: స్టేషన్‌కి తీసుకెళ్లలేదు, వేలిముద్రలు తీసుకోలేదు, కేసు రాయలేదు. అయినా తర్వాత వీసా ఫారంలో అరెస్టయ్యారా అనే ప్రశ్న వస్తుంది కాబట్టి దానికి ఏం రాయాలో ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడిగి, ఆ జవాబు కాగితం మీద ఉంచుకోండి. కంప్లయింట్ ఇవ్వడం నేరం కాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నోరు తెరవకూడదని ఏ చట్టంలోనూ లేదు.

రఘు72

కిరణ్ గారూ, మంచి సమాచారం. అలబామా అన్నగారు, హరిత గారు రాసింది రెండుసార్లు చదివాను. కంప్లయింట్ వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ పదకొండు నిమిషాలకి నా దగ్గర జవాబు లేదు. కానీ పోలీసుల్ని పిలవడమే తప్పు అన్నట్టు మాట్లాడితే నాకు ఇంకా అభ్యంతరమే. మా వీధిలో నిజంగానే రెండు దొంగతనాలు జరిగాయి. రేపు ఎవరైనా నిజంగా కిటికీ పగలగొడుతుంటే ఏం చేయాలి మరి?

హరిత_కే

పిలవండి రఘు గారూ, నేను వద్దనడం లేదు. అద్దం పగలడం చూస్తే అద్దం పగలడం చూశానని చెప్పండి. కానీ పిలిస్తే ఏమవుతుందో మన చేతుల్లో ఉండదని కూడా తెలిసే పిలవాలి. 2019 అక్టోబరులో మీ టెక్సాస్‌లోనే, ఫోర్ట్‌వర్త్‌లో, అటాటియానా జెఫర్సన్ అనే అమ్మాయి ఇంటి తలుపు రాత్రి రెండు దాటాక కూడా తెరిచి ఉందని పక్కింటాయన దిగులుపడి, 911కి కూడా కాదు, మామూలు నంబర్‌కి ఫోన్ చేశాడు. ఆమె లోపల ఎనిమిదేళ్ల మేనల్లుడితో వీడియోగేమ్ ఆడుకుంటోంది. పోలీసులమని చెప్పకుండా పెరట్లోకి వెళ్లిన ఆఫీసర్ కిటికీలోంచి కాల్చాడు, ఆమె చనిపోయింది. 2022 డిసెంబరులో అతనికి దాదాపు పన్నెండేళ్ల శిక్ష పడింది. ఆ ఫోన్ చేసినాయన మంచి కోరే చేశాడు. 2024 జులైలో ఇల్లినాయ్‌లో సోన్యా మాసీ అయితే తన ఇంటి చుట్టూ ఎవరో తిరుగుతున్నారని తనే పిలిచింది, వచ్చిన డెప్యూటీ ఆమె వంటింట్లోనే ఆమెని కాల్చాడు. 2025 అక్టోబరులో జ్యూరీ అతన్ని సెకండ్ డిగ్రీ మర్డర్‌కి దోషి అంది.

అందుకని నేను ఇప్పుడు ముందు పక్కింటివాళ్లకే ఫోన్ చేస్తాను. మా లైన్లో పన్నెండు ఇళ్ల నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ఆ రోజు పక్కింటావిడ నంబర్ నా దగ్గర ఉండి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

అలబామా_పాతకాపు

రఘూ, మీ నాన్నగారికి హాల్లో చేతులెత్తడం నేర్పానని రాశారు, ఆయనకి కోపం వచ్చిందని కూడా రాశారు. ఆ కోపం న్యాయమైనదే. హరిత గారి పక్కింటావిడ పన్నెండేళ్ల పిల్లాడికి నేర్పింది కూడా అదే. మనకి ఇప్పుడు కొత్తగా వచ్చిన అవసరం వాళ్ల ఇళ్లల్లో ఎన్ని తరాలుగా ఉందో ఒక్కసారి మీ వీధిలో ఎవరినైనా అడిగి చూడండి.

సుధ_టెక్సాస్

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు వారాలకి మళ్లీ రాస్తున్నాను.

ఈ పేజీ మొత్తం మామయ్య గారికి చదివి వినిపించాను, ఏమీ దాచలేదు. అలబామా అన్నగారు రాసిన దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తర్వాత, "నేను బళ్లో ముప్పై ఏళ్లు చేశానమ్మా, ఏదైనా పోతే ముందు ఎవరి సంచీ వెతికేవాళ్లమో నాకు తెలుసు" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి ఆయనే ఇంగ్లిష్‌లో కంప్లయింట్ రాశారు, ఒకటిన్నర పేజీ, చక్కటి చేతిరాత, టైములన్నీ పక్కన మార్జిన్‌లో వేశారు. మా ఆయన మొదట మాట్లాడలేదు, తెల్లారి తనే కారులో తీసుకెళ్లి ఇప్పించారు. రసీదు తీసుకున్నాం. బొటనవేలు తిమ్మిరి ఉందట, కిరణ్ గారు అడగమన్నారు కాబట్టి బయటపడింది, డాక్టర్ రాసిచ్చారు.

911 రికార్డింగ్ ఇంకా రాలేదు. ఫోన్ చేసినవాళ్లెవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా ఆయనకి లేదు, ఏమన్నారో మాత్రం వినాలంటున్నారు. హరిత గారి మాట పట్టుకుని మా వరుసలో ఇళ్లకి వెళ్లాం, నేను, మామయ్య గారు, చంకలో చిన్నది. తొమ్మిది నంబర్లు వచ్చాయి. మూలింట్లో ఒక నల్లజాతి పెద్దాయన ఉన్నారు, రిటైరైన పోస్టల్ ఉద్యోగి, మూడేళ్లలో నేను ఆయనతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మామయ్య గారు ఆయనకి జరిగింది చెప్పారు, సగం ఇంగ్లిష్, సగం సైగలు. ఆయన లేచి మామయ్య గారి మణికట్టు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే ఆరున్నరకి కలిసి నడుస్తున్నారు. ఒక్కరే మాత్రం ఇంకా బయటికి వెళ్లడం లేదు.

కిరణ్ గారూ, ఒక డౌటు. బాడీ కెమెరా అర్జీ వెనక్కి పంపారు, మేం రాసిన పేరుతో రికార్డు లేదట. ఆ రోజు ఆఫీసర్ మా ఆయన లైసెన్స్ చూసి ఇంటిపేరునే మామయ్య గారి పేరుగా రాసుకున్నాడనుకుంటాను. పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయాలా, వాళ్లు రాసుకున్నట్టు రాయాలా?

కిరణ్_హ్యూస్టన్

రెండూ రాయండి. పాస్‌పోర్టులో ఉన్న పేరు మొదట, "మీ రికార్డులో ఇలా ఉండొచ్చు" అని ఇంటిపేరు ఒక్కటే రెండోసారి, కింద మీ ఆయన పేరు కూడా పెట్టండి, ఆయన కూడా వీడియోలో ఉన్నారు కాబట్టి ఆ ఒక్క పేరుతోనైనా ఇవ్వాల్సి ఉంటుంది. కాల్ నంబర్ దొరికితే అదీ వేయండి. పాత అర్జీ తేదీ కొత్తదానిలో రాయడం మర్చిపోకండి, వెనక్కి పంపిన కాగితం పారేయకండి.